ట్రేడా, ఫైనాన్సా, మార్కెట్ పోటీయా? సరిహద్దు జిల్లాల ఎకనామిక్స్ ప్రాజెక్టుకి ఏది తీసుకోవాలి

మా మేనకోడలు పర్లాకిమిడిలో ఎకనామిక్స్ ఆనర్సు చదువుతోంది. డిసెంబరు చివర్లో ఒక సాయంత్రం ఫోను చేసింది. "మావయ్యా, శుక్రవారానికి టాపిక్ ఇచ్చేయాలి. ట్రేడ్ తీసుకోనా, ఫైనాన్స్ తీసుకోనా, కాంపిటీషన్ తీసుకోనా? మా సారు మూడూ మంచివే అన్నారు."

మూడూ మంచివేనన్న జవాబు కొనుక్కునేవాళ్లకి పనికిరాదు. సంతలో వంకాయలమ్మే మనిషి కూడా అదే చెబుతాడు. ఆ రాత్రి దానికి గంటసేపు చెప్పిన మాటల్నే కొంచెం కుదురుగా ఇక్కడ రాస్తున్నాను. ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కనున్న బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం కాలేజీల్లో చదివే మన తెలుగిళ్ల పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నది ఇది.

పదేళ్లకి పైగా డిగ్రీ ప్రాజెక్టులు చూస్తున్నాను. కొన్నిటికి గైడుగా ఉన్నాను, కొన్నిటిని వైవాలో, అంటే నోటి పరీక్షలో, కూర్చుని విన్నాను. ప్రాజెక్టు పాడైతే పిల్లలు తమకి ఇంగ్లీషు రాదని, లెక్కలు రావని బాధపడతారు. చాలాసార్లు కారణం అది కాదు. టాపిక్ కాగితం మీద రాసిన రోజే పాడైపోయి ఉంటుంది. ఎందుకంటే పేరు చూసి ఎంచుకుంటారు. నా లెక్క వేరు. ఏ టాపిక్‌లో అసలు అంకెని మీరు బస్సెక్కి వెళ్లి, సరిహద్దుకి రెండు వైపులా మీ చేతులతో రాసుకురాగలరో అదే మీ టాపిక్. ఈ కొలత పెట్టుకుని చూస్తే మూడూ ఒకలా కనిపించవు.

ఇంటి ముందున్న గీత

1992 ఏప్రిల్‌లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకి 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకి పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పెంపుకి ముందొకసారి, తర్వాత ఇంకోసారి గీతకి రెండు వైపులా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల లెక్కలు తీసుకున్నారు. జీతం పెంచితే ఉద్యోగాలు పోతాయని పాఠాల్లో చెప్పేది అక్కడ కనబడలేదు. 1994లో వచ్చిన ఆ పేపరు మీద గట్టి వాదనలే జరిగాయి. కార్డ్‌కి 2021లో నోబెల్ వచ్చింది. ఫలితం సంగతి ఎలా ఉన్నా నాకు నచ్చేది వాళ్ల పనితీరు. ఒకే వాతావరణం, ఒకే రకం మనుషులు, ఒకే రకం దుకాణాలు. మధ్యలో గీత ఒక్కటే తేడా. ఆ గీతకి రెండు పక్కలా రెండు చట్టాలు. ఇంతకన్నా మంచి ప్రయోగశాల ఎకనామిక్స్ వాళ్లకి దొరకదు.

మనకి ఆ గీత, అంటే ఒడిశా ఆంధ్రా సరిహద్దు, ఇంటి ముందే ఉంది. పర్లాకిమిడి నుంచి పాతపట్నానికి ఆటోలో పోవచ్చు. బరంపురంలో బస్సెక్కితే ఇచ్ఛాపురం ఎంతసేపు? రాయగడ వాళ్లకి పార్వతీపురం ఉండనే ఉంది. పైగా మన పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పలాస షావుకారుతో ఒక భాషలో, మండీ గుమాస్తాతో ఇంకో భాషలో బేరమాడగలరు. భువనేశ్వర్‌లో చదివేవాళ్లకి మొదటిది రాదు, విశాఖలో చదివేవాళ్లకి రెండోది రాదు. ఇంత సౌకర్యం పెట్టుకుని చాలామంది "భారత జీడీపీ పెరుగుదల: ఒక అధ్యయనం" అని రాసి ఇచ్చేస్తున్నారు.

ట్రేడ్: ఓడ కాదు, బస్తా చూడండి

ట్రేడ్ అనగానే పిల్లలకి కంటైనర్లు, చైనాతో వాణిజ్య లోటు గుర్తుకొస్తాయి. నాకూ అవే గుర్తొచ్చాయి. నా డిగ్రీ ప్రాజెక్టు ఆసియాన్ దేశాలతో మన ఒప్పందం మీద. 2010 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఒప్పందం అది. కంప్యూటరు ముందు కూర్చుని దిగుమతుల లెక్కలన్నీ దించాను, గ్రాఫులు గీశాను, ఒప్పందం తర్వాత దిగుమతులు బాగా పెరిగాయని రాశాను. వైవాకి వచ్చిన పెద్దాయన ఒక్క గ్రాఫు వైపు చూసి, "ఇది రూపాయల్లోనా, డాలర్లలోనా?" అని అడిగారు. రూపాయల్లో. 2013 ఆగస్టులో డాలరు 68 రూపాయలు దాటిన సంగతి నాకు తెలుసు గానీ, నా గ్రాఫులో చివర పెరిగింది సరుకు కాదు డాలరేనని ఆ క్షణం దాకా తట్టలేదు. మార్కులు వేశారు లెండి. ఆ టెన్షన్ మాత్రం ఇంకా గుర్తుంది.

కాబట్టి దేశం మొత్తం మీద ట్రేడ్ టాపిక్ తీసుకోవద్దనే చెబుతాను. లెక్కలు తేలిగ్గా దొరుకుతాయి, నిజమే. అదే దానితో వచ్చిన చిక్కు. మీరు దించుకున్నవే దేశమంతా దించుకుంటారు, మీ ప్రాజెక్టులో మీది అనదగ్గది ఏదీ మిగలదు.

మన ప్రాంతానికి ట్రేడ్‌లో బంగారంలాంటి టాపిక్ ఒకటి ఉంది. జీడి. గంజాం, గజపతి జిల్లాల పిక్కలు, ఉద్దానం పిక్కలు, ఆఫ్రికా నుంచి ఓడల మీద వచ్చే పిక్కలు అన్నీ పలాస-కాశీబుగ్గ ఫ్యాక్టరీల్లో కలుస్తాయి. ప్రపంచంలో పిక్కలు ఎక్కువగా పండించేది ఐవరీ కోస్ట్, పప్పు ఎక్కువగా ఎగుమతి చేసేది వియత్నాం. అంటే గజపతి జిల్లా మోహన దగ్గర కొండవాలులో పిక్కలు ఏరుకునే సవర మనిషికి దక్కే ధర ఎక్కడో పడమటి ఆఫ్రికా పంటతో ముడిపడి ఉండాలి. నిజంగా ముడిపడి ఉందా? ఎన్ని వారాల ఆలస్యంతో? అక్కడ తగ్గినప్పుడు ఇక్కడ వెంటనే తగ్గి, అక్కడ పెరిగినప్పుడు ఇక్కడ నింపాదిగా పెరుగుతోందా? ఈ చివరి ప్రశ్న ఒక్కటి చాలు, ప్రాజెక్టు నిలబడిపోతుంది. పుస్తకాల్లో దీన్ని ధరల బదిలీ అంటారు. షావుకార్లకి ఆ పేరు తెలియకపోయినా విషయం మనకన్నా బాగా తెలుసు.

చేయడం ఇలా. మార్చి నుంచి మే దాకా పిక్కల కాలం. ఆరో సెమిస్టరు సరిగ్గా అప్పుడే నడుస్తుంది. వారానికొకసారి గజపతి వైపు ఒకటి రెండు ఊళ్లలో చిల్లర కొనుగోలుదారు ఇచ్చే ధర, పలాసలో ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చే ధర రాసుకోండి. దిగుమతి ధర వాణిజ్య శాఖవాళ్ల ఎగుమతి దిగుమతుల డేటా బ్యాంకులో నెలవారీగా ఉచితంగా దొరుకుతుంది. ముడి పిక్కల కోడ్ 080131, పప్పు కోడ్ 080132. ఈ రెండూ కలిపేస్తే అంతా గందరగోళమే. మొత్తం విలువని బరువుతో భాగిస్తే సగటు దిగుమతి ధర వస్తుంది. డాలర్లలోనే పెట్టుకోండి, ఎందుకో పైన చెప్పాను. కొంచెం వెనక్కి కూడా పోదామనుకుంటే, 2018 బడ్జెట్‌లో ముడి పిక్కల మీద కస్టమ్స్ సుంకం 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గింది. అంతకు ముందు, తర్వాత దిగుమతి ధర ఎలా నడిచిందో ఒక చిన్న అధ్యాయం రాయొచ్చు.

కొలతల దగ్గర జాగ్రత్త. పలాసలో పిక్కల ధర 80 కిలోల బస్తా మీద చెబుతారు. కొండ ఊళ్లలో కిలో మీద, ఒక్కోచోట డబ్బా మీద. బస్తా 12,000 అంటే కిలో 150 అని పక్కనే రాసుకోండి, ఇంటికెళ్లాక చూసుకుందాం అనుకోవద్దు. తడి పిక్కకి, ఆరిన పిక్కకి ధర ఒకటి కాదు. అది రాయకపోతే మీరు పోల్చేది రెండు ఊళ్లని కాదు, రెండు రకాల సరుకుని. పప్పు దగ్గరికి పోతే గ్రేడుల గొడవ ఇంకా ఉంది, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని. డిగ్రీ ప్రాజెక్టుకి పిక్క చాలు.

వడ్లు కూడా ట్రేడ్ కిందికే వస్తాయి, మంచి ప్రశ్నే. 2024-25లో సాధారణ రకం వడ్లకి కేంద్రం మద్దతు ధర క్వింటాలుకి 2,300. ఒడిశా ప్రభుత్వం దాని మీద 800 కలిపి 3,100 ఇవ్వడం మొదలుపెట్టింది. గీతకి అటు ఇటు అంత తేడా ఉంటే సరుకు కదలాలని సిద్ధాంతం చెబుతుంది. కదులుతోందా? అడగడానికి బాగుంటుంది, జవాబు రాబట్టడం కష్టం. టోకెను, రిజిస్ట్రేషను, ఎవరి పేరు మీద ఎవరి వడ్లు అనే మాట వచ్చేసరికి దళారి నోరు కట్టుకుంటాడు. కాలేజీ పిల్ల పుస్తకం పట్టుకుని అడిగితే ఇంకా కట్టుకుంటాడు. దానికి బదులు మండీలో రైతుకి నిజంగా చేతికొచ్చేదెంత అని అడగండి. ఒడిశాలో కటనీ ఛటనీ అంటారు, మనవైపు తరుగు అంటారు, ఆ కోత గురించి రైతులు అడక్కుండానే చెబుతారు. కాకపోతే ఖరీఫ్ కొనుగోళ్ల సందడి నవంబరు నుంచే మొదలవుతుంది. జనవరిలో టాపిక్ తీసుకున్నవాళ్లకి సగం కాలం అప్పటికే గడిచిపోయి ఉంటుంది.

2017లో జీఎస్టీ రావడం వల్ల సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర లారీల ఆలస్యం ఎంత తగ్గిందన్న టాపిక్ ఏటా ఎవరో ఒకరు తెస్తారు. గిరిసోల గేటు దగ్గర, పురుషోత్తపురం దగ్గర అప్పట్లో లారీలు ఎన్ని గంటలు ఆగేవో మీ దగ్గర రాసి ఉందా? లేకపోతే వద్దు.

ఫైనాన్స్: అమ్మ సంఘంలో ఉంటే తీసుకోండి, లేకపోతే ఆలోచించండి

ఫైనాన్స్ అని వచ్చే పిల్లల్లో సగం మంది నిఫ్టీ గురించి రాస్తామంటారు. బడ్జెట్ రోజున షేర్లు ఎలా కదిలాయి, ఎన్నికల ఫలితాల రోజున ఎలా కదిలాయి అని. ఎంబీఏకి పోదామనుకునేవాళ్లకి ఎక్సెల్ చేయి తిరుగుతుంది, అభ్యంతరం లేదు. కానీ నిఫ్టీ లెక్క పర్లాకిమిడిలో చేసినా పారిస్‌లో చేసినా ఒకటే వస్తుంది. మిగతా సగంలో ఎక్కువమంది "యూపీఐ పై అవగాహన" అని గూగుల్ ఫారం తయారుచేసి వాట్సాప్‌లో పంపుతారు. నింపేది వాళ్ల క్లాసువాళ్లే. నూటికి 96 మందికి అవగాహన ఉందని తేలుతుంది. ఫోనులో ఫారం నింపగలిగినవాడికి ఫోనులో డబ్బు పంపడం తెలియదా?

ఈ ప్రాంతంలో ఫైనాన్స్‌కి అసలు విషయం ఆడవాళ్ల అప్పులు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థల మీద గట్టి ఆర్డినెన్సు తెచ్చింది. ఒడిశాలో అలాంటిది లేదు. గీతకి అటు డ్వాక్రా సంఘాలు బలంగా పాతుకుపోయాయి, ఇటు 2001లో మొదలైన మిషన్ శక్తి సంఘాలున్నాయి, వాటి పక్కనే వారం వారం కిస్తీ కట్టించుకునే ప్రైవేటు గ్రూపు లోన్లూ ఉన్నాయి. 2022 ఏప్రిల్ నుంచి రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ అప్పు. ఆ కుటుంబం నెలనెలా కట్టే అన్ని కిస్తీలూ కలిపి ఆదాయంలో సగం దాటకూడదు. ఈ "సగం" అనే గీతే మీకు ప్రాజెక్టు. ఇటు ఒక ఊరు, అటు ఒక ఊరు, చెరో ముప్ఫై ఇళ్లు. ఎన్ని ఇళ్లు సగం దాటాయి? 2024 సెప్టెంబరు నుంచి ఒడిశాలో సుభద్ర పథకం కింద ఆడవాళ్లకి ఏడాదికి 10,000 రెండు విడతల్లో వస్తున్నాయి కదా, ఆ డబ్బు కిస్తీకి పోతోందా, ఇంకోదానికి పోతోందా?

వినడానికి బాగుంటుంది, చేయడానికి మూడిట్లోకీ కష్టమైనది ఇదే. అప్పు ఎంత ఉందని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. చెప్పాలనుకున్నా పక్కన గ్రూపు లీడరు కూర్చుని ఉంటుంది. అందుకే అమ్మో, పిన్నో, అత్తో సంఘంలో ఉన్న అమ్మాయిలకే ఇది ఇస్తాను. వాళ్లు గుమ్మంలో కాదు, వంటింట్లో కూర్చుని అడగగలరు. అప్పు ఎంత అని కాకుండా "పోయిన వారం ఎన్ని కిస్తీలు కట్టారు?" అని అడగాలి. దానికి జవాబు తడుముకోకుండా వస్తుంది. పేర్లు, ఇంటి నంబర్లు పుస్తకంలో రాయొద్దు, ఇల్లు 1, ఇల్లు 2 అని రాయండి.

సంఘం సంగతి తెలియకపోయినా చీటీలు తెలిసిన ఇల్లయితే ఇంకో దారుంది. 20 మంది, నెలకి 5,000, లక్ష చీటీ. ఐదో నెలలో 80,000కి పాడుకున్న మనిషి నిజంగా కడుతున్న వడ్డీ ఎంత? చివరి దాకా ఆగిన మనిషికి గిట్టిన వడ్డీ ఎంత? నెలనెలా కట్టింది, వచ్చింది, పంచుకున్న లాభం అన్నీ ఒక నిలువు వరుసలో రాసి ఎక్సెల్‌లో ఐఆర్ఆర్, అంటే ఆ డబ్బు రాకపోకల మీద నిజంగా పడిన వడ్డీ రేటు, వేస్తే తేలిపోతుంది. నాలుగైదు చీటీల పాత పుస్తకాలు దొరికితే, బ్యాంకు డిపాజిట్ వడ్డీతో, సంఘం అప్పు వడ్డీతో పక్కపక్కన పెట్టి పోల్చొచ్చు. రిజిస్టరయిన చీటీల్లో నిర్వాహకుడి కమీషను పరిమితి 2019 సవరణలో 5 నుంచి 7 శాతానికి పెరిగింది. ఇంటి చీటీల్లో అది ఎంతుంటోందో చూడటం ఆసక్తిగా ఉంటుంది. అవి ఎక్కువగా రిజిస్టరు కానివే కాబట్టి ఎవరి చీటీయో తెలిసేలా మాత్రం రాయకండి. నాకైతే ఈ చీటీల టాపిక్ అంటే ఇష్టం. ఇంతవరకు ఒక్కరే చేశారు. మిగతావాళ్లకి అది "చిన్న విషయం" లాగా అనిపిస్తుంది.

గంజాం వాళ్లకి సూరత్ డబ్బుంది. మగ్గాల పనికి వెళ్లినవాళ్లు ఇంటికి పంపే డబ్బు ఒకప్పుడు మనుషుల చేతుల మీదుగా వచ్చేది, ఇప్పుడు ఫోనులో వస్తోంది. మీ వీధిలోనే పది ఇళ్లలో అలాంటివాళ్లుంటే దాన్ని వదులుకోవద్దు. గ్రామీణ బ్యాంకుల విలీనం మీద, అంటే 2025 మే 1న ఒడిశాలో రెండూ ఒకటి కావడం మీద, ఇప్పుడే ఏమీ తేల్చలేరు.

మార్కెట్ పోటీ: ఎవరి అనుమతీ అక్కర్లేని టాపిక్

ముగ్గురు పిల్లలు వచ్చి ఏమీ చెప్పకుండా టాపిక్ ఇవ్వమంటే ఇద్దరికి ఇదే ఇస్తాను. కారణం ఒకటే. ధర బయట కనిపిస్తుంది. అప్పు బీరువాలో ఉంటుంది, లాభం లెక్కల పుస్తకంలో ఉంటుంది, ధర మాత్రం అందరి ముందూ పలుకుతారు.

అయితే ఇందులో ఒక గొయ్యి ఉంది. మా దగ్గర చాలామంది పడేది అందులోనే. "సరిహద్దు పెట్రోలు బంకుల మధ్య పోటీ" అని మొదలుపెడతారు. గీతకి ఇటువైపు బంకుల్లో ఏపీ నంబరు బళ్లు వరస కట్టడం రోజూ చూస్తాం కాబట్టి ఆలోచన రావడం సహజం. కానీ బంకు యజమాని ధర పెట్టడు, ఆయిల్ కంపెనీ పెడుతుంది, ఆయనది కమీషను. కాబట్టి పోటీపడేది బంకులు కాదు, రెండు ప్రభుత్వాల పన్నులు. పెట్రోలు మీద ఒడిశా 28 శాతం వ్యాట్ వేస్తే, ఆంధ్రప్రదేశ్ 31 శాతం, దాని మీద లీటరుకి 4 రూపాయలు, రోడ్ల కోసం ఇంకో రూపాయి వేస్తోంది. డీజిల్ ఇంకా తమాషా. శాతం చూస్తే ఒడిశాదే ఎక్కువ, 24. ఆంధ్రాది 22.25. అయినా డీజిల్ అటే ఎక్కువ ధర. ఎందుకంటే అక్కడ కూడా ఆ 4, ఆ 1 కలుస్తాయి. శాతంలో వేసే పన్నుకీ, లీటరుకింతని వేసే పన్నుకీ తేడా చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. రేట్లు మారుతుంటాయి, మీరు రాసే వారం పెట్రోలియం శాఖ కింది పీపీఏసీ వెబ్‌సైటులో చూసుకుని వేయండి.

టాపిక్ పేరుని "పన్ను తేడా, సరిహద్దు దాటే కొనుగోలు" అని మార్చుకుంటే ఇది మంచి ప్రాజెక్టవుతుంది. బంకువాళ్లు అమ్మకాల లెక్క ఇవ్వరు. అక్కర్లేదు. ఎదురుగా టీ కొట్టు దగ్గర కూర్చుని రెండు గంటలు ఏపీ నంబర్లెన్ని, ఓడీ నంబర్లెన్ని అని గీతలు గీసుకోండి. గీత నుంచి కిలోమీటరు, ఐదు, పది, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న బంకుల దగ్గర అదే రోజుల్లో, అదే వేళల్లో. దూరం పెరిగేకొద్దీ ఏపీ బళ్ల వాటా ఎక్కడ పడిపోతుందో అక్కడ మీ జవాబుంది. మిత్రుడొకడు తోడుంటే నాలుగు ఆదివారాల పని. టీ ఖర్చు మాత్రం అవుతుంది.

అసలు పోటీ చూడాలంటే సంతకి పోవాలి. రాయగడ, కోరాపుట్టు, గజపతి కొండ సంతల్లో చింతపండు, చోళ్లు (రాగులు), వలిసెలు అమ్మడానికి వందమంది వస్తారు, కొనడానికి వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉంటారు. పాఠంలో కొనేవాళ్లు తక్కువైన మార్కెట్ అని నాలుగు వాక్యాల్లో చదివిన సంగతి అక్కడ నేల మీద గోనెపట్టా పరిచి కూర్చుని ఉంటుంది. సంత దాకా రానివ్వకుండా దారిలోనే గంప ఆపి కొనేవాళ్లు కూడా ఉంటారు. వాళ్ల ధరకీ, సంత లోపలి ధరకీ తేడా కొలవండి. చోళ్లకి 2025-26లో మద్దతు ధర క్వింటాలుకి 4,886 ఉంది. ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ పెట్టి, ఆ తర్వాత చోళ్లు కొనడం మొదలుపెట్టింది. ప్రభుత్వం కొనే చోట షావుకారు ధర ఎంత, కొనని చోట ఎంత? చింతపండుకి, చోళ్లకి పక్కపక్కన వేసి చూస్తే ప్రభుత్వం అనే ఒక్క కొనుగోలుదారు రావడం వల్ల ఏం మారిందో తెలుస్తుంది.

పోటీని అంకెలో చెప్పడానికి హెర్ఫిండాల్ సూచీ ఉంది, భయపడాల్సిందేమీ లేదు. ఒక్కొక్కరి వాటాని వర్గం చేసి కూడటమే. ఐదుగురు కొనుగోలుదారులు సమానంగా కొంటే ఒక్కొక్కరిది 20, వర్గం 400, మొత్తం 2,000. అదే ఐదుగురిలో ఒకరు సగం కొని, మిగతావాళ్లు 20, 15, 10, 5 చొప్పున కొంటే మొత్తం 3,250. తల లెక్క ఒకటే, మార్కెట్ వేరు. అంకె ఎంత పెద్దదైతే పోటీ అంత తక్కువ. వాటా ఎలా తెలుస్తుందంటారా? సాయంత్రం వ్యాను ఎక్కే బస్తాలు లెక్కపెట్టండి.

కాటా తీసుకెళ్లండి, మరిచిపోవద్దు. చేతిలో పట్టుకునే స్ప్రింగు కాటా చాలు. సంతలో ఇంకా కుంచం, అడ్డ లాంటి కొలతలు నడుస్తాయి, ఒక షావుకారు అడ్డకీ ఇంకొకరి అడ్డకీ పొంతన ఉండదు. కొలత రెండు చోట్లా తూచి కిలోల్లోకి మార్చాకే ధర రాయండి. ధర ఒకటే అనిపించిన చోట్ల కొలతలో తేడా బయటపడటం నేను చూశాను.

అగ్‌మార్క్‌నెట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో పంటల రోజువారీ మార్కెట్ ధరలుంటాయి, వాడుకోండి. కానీ ఒకే ధర రోజుల తరబడి మారకుండా కనిపిస్తే అనుమానించండి. ఎవరో నిన్నటి అంకెనే ఇవాళ కూడా ఎక్కించి ఉంటారు.

ఎవరికి ఏది

లెక్కలంటే సరదా ఉండి, మార్చి నుంచి వారం వారం పలాస పోగలిగినవాళ్లు జీడి తీసుకోండి. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం వచ్చి నాలుగో ఏడాది పరిశోధనతో ఆనర్సు చేద్దామనుకునేవాళ్లకి కూడా ఇదే మంచిది. ఇప్పుడు తీసిన ధరలకి ఇంకో సీజను కలిస్తే 12 క్రెడిట్ల పెద్ద ప్రాజెక్టుకి పునాది పడిపోయినట్టే. ఇంట్లో సంఘం పుస్తకాలున్న అమ్మాయిలకి ఫైనాన్స్. చేతిలో రెండు నెలలే ఉంటే బంకు దగ్గర బళ్లు లెక్కపెట్టడం. మిగతా అందరికీ సంత. బ్యాంకు ఉద్యోగాల ఇంటర్వ్యూలో ఫైనాన్స్ టాపిక్ కలిసొస్తుందని పిల్లలు నమ్ముతారు. నేను చూసినంతలో అడిగేవాళ్లకి టాపిక్ పేరు కన్నా, "నువ్వే వెళ్లి అడిగావా?" అన్నదానికి జవాబు ముఖ్యం.

ఏది తీసుకున్నా జిల్లా లెక్కల దగ్గర ఆగి చూడండి. గజపతి 1992 అక్టోబరులో గంజాం నుంచి విడిపోయింది. పాత కోరాపుట్టు కూడా అప్పుడే నాలుగు జిల్లాలైంది. అటువైపు 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా పుట్టి పాలకొండ వైపు మండలాలు శ్రీకాకుళం నుంచి వెళ్లిపోయాయి. ఆ ఏడాది శ్రీకాకుళం జిల్లా పంట ఒక్కసారిగా తగ్గినట్టు కనిపిస్తే కరువు అని రాసేయకండి. ఇంకో మాట, టాపిక్ పేరులో "ప్రభావం" అని పెట్టేముందు ఆలోచించండి. ప్రభావం అంటే ఇది లేకపోతే ఏమయ్యేదో చూపించాలి. చూపించలేకపోతే "తేడా" అని రాయండి, ఎవరూ పట్టుకోలేరు. సాఫ్ట్‌వేరు కోసం డబ్బు ఖర్చు పెట్టొద్దు, గ్రెటల్ ఉచితం, ఆర్ ఉచితం. కొటియా ఊళ్ల గురించి రాస్తామనే ఉత్సాహవంతులుంటారు. రెండు రాష్ట్రాల గొడవలో ఉన్న చోటికి ప్రశ్నల కాగితం పట్టుకుని వెళ్లడం డిగ్రీ స్థాయిలో వద్దు.

నోట్సు మాత్రం తెలుగులో రాసుకోండి, ఒడియా మాట ఒడియాలాగే. రిపోర్టు ఎలాగూ ఇంగ్లీషులో ఇవ్వాలి. సంతలో విన్నదాన్ని అక్కడే ఇంగ్లీషులోకి మార్చి రాస్తే ఆ మనిషి ఏమన్నాడో పోయి, మీకు ఇంగ్లీషులో ఏది చేతనైతే అది మిగులుతుంది.

మా మేనకోడలు చింతపండు తీసుకుంది. గుణుపురం రైల్లో వెళ్లి మొదటి వారం ఆరుగురు కొనుగోలుదారులని రాసుకొచ్చింది. సూచీ 1,900 లోపే వచ్చింది, పోటీ పర్వాలేదు మావయ్యా అంది. రెండో వారం సాయంత్రం దాకా ఉండి బస్తాలు లెక్కపెడుతుంటే, ఆ ఆరుగురిలో ముగ్గురి సరుకు ఒకే వ్యాను ఎక్కింది. ముగ్గురూ ఒకే షావుకారు మనుషులు. ఇప్పుడు పట్టిక మొదటినుంచి మళ్లీ వేస్తోంది.